ఐదు పదులు

మోన్‌ఫాల్కోనే రేవు మీద పొద్దుటి నుంచీ బోరా గాలి.
కిటికీ రెక్క ఆగకుండా కొట్టుకుంటోంది
అప్పు వసూలుకొచ్చినవాడి చెయ్యిలా.
నా బల్ల మీద నాలుగు పేజీల ఫారం.
బల్లకు అవతల ఒరెస్తె విసింతిన్,
డెబ్బై ఆరేళ్లు, అందులో ముప్పై మూడు ఓడల కార్ఖానాలో,
టోపీ ఒళ్లో పెట్టుకుని
పరీక్షకు కూర్చున్న పిల్లాడిలా.

మొదటి ప్రశ్న నేను రాసింది కాదు, అచ్చులోనే ఉంది:
రోజుకు ఎన్ని సిగరెట్లు?

"ఇరవై" అన్నాడు. కాస్త ఆగి,
"ఆదివారాలు ముప్పై."
అబద్ధం చేతకాని మనిషి.
ఇరవై రాశాను. పక్కన ముప్పై కూడా రాయాల్సొచ్చింది.

దుమ్ము సంగతి మూడో పేజీలో గానీ రాదు.
అక్కడికి చేరేసరికి ఆయనకు దగ్గు తెర కమ్మింది.
నీళ్లిచ్చాను.
ఓడ కడుపులో ఆవిరి గొట్టాలకు ఆస్‌బెస్టాస్ చుట్టేవాడట.
"తెల్లగా, మెత్తగా ఉండేదమ్మా.
ముద్దలు చేసి ఒకరి మీద ఒకరం విసురుకునేవాళ్లం
మంచు పడని ఏడాది కూడా.
మా నీవెస్ నా ఓవరాల్‌ని బాల్కనీలో దులిపేది,
జల్లెడ పట్టినట్టు, ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా.
ఒక్క సిగరెట్టూ ముట్టలేదు తను.
నాకంటే ముందే వెళ్లిపోయింది."

నీవెస్‌కి ఈ ఫారంలో గడి లేదు.

ఎక్స్‌రే కవరు వెనక పెన్సిల్ లెక్క ఒకటుంది.
డాక్టరమ్మ వేసి చూపించిందట:
దుమ్ము ఒక్కటే అయితే ముప్పు ఇంచుమించు ఐదింతలు,
పొగ ఒక్కటే అయితే పదింతలు,
రెండూ ఒకే ఛాతీలో కాపురం పెడితే?
"పదిహేను కదా అన్నాను.
కూడిక కాదు తాతగారూ అంది, ఎక్కం.
ఐదు పదులు."

జవాబు ఆయన పైకి అనలేదు.
నేనూ అందించలేదు.
బెత్తం చూసి మరిచిపోయినట్టు
ఇద్దరం దాన్ని అక్కడే వదిలేశాం.

రేపు కంపెనీ వకీలు భాగహారం చేస్తాడు:
ఇంత పొగది, ఇంత దుమ్ముది, కాబట్టి మా వంతు ఇంతే.
హెచ్చవేసిన దాన్ని విడదీసి
ఏ చుక్క ఎవరిదో చెప్పడం
నాకు ఏ బళ్లోనూ నేర్పలేదు.

చివరి పేజీ. పొగ తాగడం ఏ వయసులో మొదలుపెట్టారు?
"పద్దెనిమిదిలో. పనిలో చేరిన మూడో వారం."
అని, టోపీ అంచు ఒకసారి చుట్టూ తిప్పి,
"ఫోర్‌మన్ గ్వెరీనోది ఒకటే రూలు.
సిగరెట్ ఉన్నవాడికి పది నిమిషాలు పైకి, డెక్ మీదికి.
లేనివాడికి పైనేం పని?
నేను గాలి కోసం నేర్చుకున్నానమ్మా.
గాలి కోసం."

ఎందుకు అనే గడి కూడా లేదు.
అంచున చిన్న అక్షరాల్లో రాశాను,
స్టాంపు పడితే సగం చెరిగిపోతుందని తెలిసీ.

బయట బెంచీ మీద తర్వాతి నంబరు, మొఫజ్జల్,
సిల్హెట్ కుర్రాడు, అదే కార్ఖానాలో వెల్డింగు.
చెవి వెనక వెలిగించని సిగరెట్.
వెళ్తూ వెళ్తూ ముసలాయన అతని ముందు ఆగాడు.
ఆ చెవి వైపు వేలు చూపించాడు.
అడుగుతున్నాడేమోననుకుని
కుర్రాడు మర్యాదగా తీసి రెండు చేతులా అందించాడు.
ఒరెస్తె నవ్వబోతే దగ్గొచ్చింది.
సిగరెట్ జేబులో వేసుకుని
కుర్రాణ్ణి మోచెయ్యి పట్టుకుని వాకిట్లోకి నడిపించాడు.

అద్దంలోంచి కనిపిస్తున్నారు,
బోరా గాలిలో జుట్టు రేగిపోతూ ఇద్దరూ,
చేతుల్లో ఏమీ లేకుండా.

పది నిమిషాలు
నేను నంబరు పిలవలేదు.